మేనేజ్డ్ స్విచ్: నిర్వహణ దారి ఏర్పాటు

ఆఫీసులోనో కాలేజీలోనో ఆస్పత్రిలోనో ఉన్న కంప్యూటర్లను, ఫోన్లను, కెమెరాలను ఒకే స్థానిక నెట్‌వర్క్‌గా కలిపే పెట్టె ఈథర్‌నెట్ స్విచ్. ఏ పోర్టు తెరిచి ఉండాలి, ఏది ఏ విభాగానికి చెందాలి, ఎంత డేటా పారుతోంది అన్న సంగతులు మనిషి చూసి మార్చుకోగలిగితే దాన్ని మేనేజ్డ్ స్విచ్ అంటారు. అలా చూడటానికీ మార్చడానికీ పెట్టెలోకి వెళ్లే మార్గమే నిర్వహణ దారి. కన్సోల్ కేబుల్, ఐపీ చిరునామా, ఎస్ఎస్‌హెచ్, వెబ్ పేజీ, ఎస్ఎన్ఎంపీ అన్నీ ఈ దారిలోవే.

స్విచ్ తన అసలు పని చేయడానికి వీటిలో ఏదీ అక్కర్లేదు. వచ్చిన ఫ్రేములో ఉన్న 48 బిట్ల మ్యాక్ చిరునామా చదివి, అది ఏ పోర్టు వైపు ఉందో తన పట్టికలో వెతికి, అటు తోసేయడంతో దాని బాధ్యత తీరిపోతుంది. ఐపీ చిరునామా లేని స్విచ్ ఏళ్ల తరబడి నిక్షేపంగా నడుస్తుంది. చిరునామా కావలసింది మనిషికి. కాబట్టి నిర్వహణ దారి ఏర్పాటంటే తలుపు లేకుండానే బతకగలిగిన పెట్టెకు తలుపు పెట్టడం. తలుపు పెట్టాక భయాలు రెండు: పరాయివాడు లోపలికి రావచ్చు, ఇంటివాడు బయట చిక్కుకుపోవచ్చు. ఈ విషయంలో ఉన్న నియమాలన్నీ ఈ రెండు భయాలలో ఏదో ఒకదానికి జవాబుగా పుట్టినవే. పాఠ్యపుస్తకాలు మొదటి భయం గురించే ఎక్కువ చెబుతాయి. రాత్రి డ్యూటీలో ఉన్న ఇంజినీరుకు చెమటలు పట్టించేది మాత్రం రెండోది.

ఇక్కడి ఉదాహరణలు చాలావరకు సిస్కో క్యాటలిస్ట్ కుటుంబం నుంచి తీసుకున్నవి. హైదరాబాదు అమీర్‌పేటలో సిస్కో కోర్సు సీసీఎన్ఏ చదివినవారికి నోటికి వచ్చిన కమాండ్లు ఇవే. ఇతర తయారీదారుల పెట్టెలలో మాటలు మారతాయి, తర్కం మారదు.

నేపథ్యం

మార్కెట్లోకి వచ్చిన తొలి ఈథర్‌నెట్ స్విచ్ కల్పనా అనే కాలిఫోర్నియా సంస్థ 1990లో తెచ్చిన ఏడు పోర్టుల ఈథర్‌స్విచ్. సంస్థను స్థాపించినవారిలో ఒకరు భారతీయ మూలాలున్న వినోద్ భరద్వాజ్. సంస్థకు పెట్టింది ఆయన భార్య పేరు. 1994లో సిస్కో దాన్ని కొనేసింది. అంతకుముందు వాడుకలో ఉన్న హబ్ వచ్చిన సంకేతాన్ని అన్ని పోర్టులకూ వినిపించేది. స్విచ్ ఏ మాట ఎవరికో వారికే చేరవేయడంతో వేగం పెరిగింది, గోప్యత కొంత పెరిగింది. దాంతోపాటు ఒక ఇబ్బందీ వచ్చింది. హబ్‌కు ఎక్కడ ల్యాప్‌టాప్ తగిలించినా నెట్‌వర్క్‌లో ఏం జరుగుతోందో వినొచ్చు. స్విచ్ దగ్గర ఆ వీలు లేదు. లోపల ఏం జరుగుతోందో స్విచ్‌నే అడగాలి. అడగాలంటే అది జవాబివ్వగలగాలి, అందుకు దానికొక చిరునామా కావాలి.

నేడు దుకాణాల్లో దొరికేవి మూడు రకాలు. ఏ సెట్టింగూ లేని మామూలు స్విచ్ ఒకటి. వెబ్ పేజీలో కొన్ని సదుపాయాలు మాత్రమే చూపించే ‘స్మార్ట్’ స్విచ్ రెండోది. కమాండ్ లైన్, ఎస్ఎన్ఎంపీ, బహుళ లాగిన్లు ఉన్న పూర్తి మేనేజ్డ్ స్విచ్ మూడోది. రెండోదాన్నీ మూడోదాన్నీ ధర చూసి కలగాపులగం చేయడం కొనుగోలు విభాగాలకు అలవాటే.

కన్సోల్: మొదటి దారి, చివరి దారి

కొత్త క్యాటలిస్ట్‌ను డబ్బాలోంచి తీసినప్పుడు దానికి చిరునామా ఉండదు, పాస్‌వర్డ్ ఉండదు. పలకరించడానికి నమ్మకమైన మార్గం కన్సోల్ పోర్టు. ఇది ఆర్ఎస్-232 అనే 1960 నాటి సీరియల్ ప్రమాణం మీద నడుస్తుంది. మోడెములకూ టెలిటైపులకూ రాసుకున్న ఆ ప్రమాణం ఇన్నేళ్ల తరవాత కూడా డేటా సెంటర్లలో సేవ చేస్తూనే ఉంది. సిస్కో పెట్టెలలో లెక్క ఇది: సెకనుకు 9600 బిట్లు, 8 డేటా బిట్లు, ప్యారిటీ లేదు, 1 స్టాప్ బిట్, ఫ్లో కంట్రోల్ లేదు. అరూబా, మైక్రోటిక్ స్విచ్‌లు చాలావాటిలో వేగం 115200. తెర మీద అర్థంలేని అక్షరాలు పడుతుంటే వేగం తప్పు. ఏమీ రాకపోతే కేబులో డ్రైవరో తప్పు. ఈ ఒక్క తేడా తెలిసినవారికి గంట ఆదా అవుతుంది.

డబ్బాతో వచ్చే లేత నీలం చదును కేబుల్ ఒక చివర ఆర్‌జే-45 కావడంతో ఈథర్‌నెట్ కేబుల్‌లా కనిపిస్తుంది. లోపల ఎనిమిది తీగలూ ఒక చివరి నుంచి రెండో చివరికి తలకిందులుగా వెళతాయి. మొదటిది ఎనిమిదో స్థానంలో, రెండోది ఏడో స్థానంలో తేలుతుంది. ల్యాప్‌టాప్‌లలో సీరియల్ పోర్టు మాయమయ్యాక యూఎస్‌బీ అడాప్టర్ తప్పనిసరైంది. కొత్త మోడళ్లలో స్విచ్ మీదే యూఎస్‌బీ కన్సోల్ ఇస్తున్నారు.

చిన్న స్విచ్‌లలో కన్సోలే ఉండకపోవచ్చు. వాటికి ఫ్యాక్టరీలోనే ఒక చిరునామా పెట్టి పంపుతారు. డీ-లింక్ స్విచ్‌లలో 10.90.90.90, నెట్‌గేర్‌లో 192.168.0.239, మైక్రోటిక్‌లో 192.168.88.1 తరచుగా కనిపిస్తాయి. ల్యాప్‌టాప్‌కు అదే శ్రేణిలో ఒక చిరునామా చేత్తో ఇచ్చుకుని బ్రౌజరు తెరవాలి. ఇలాంటివి రెండు ఒకేసారి నెట్‌వర్క్‌లో పెడితే ఒకే చిరునామా కోసం రెండూ కొట్లాడుకుంటాయి. ఒకదాని తరవాత ఒకటి పెట్టాలి. అన్ని పెట్టెలకూ ఒకే ‘అడ్మిన్’ పాస్‌వర్డ్ పెట్టి అమ్మే అలవాటుకు చట్టాలు అడ్డుపడ్డాయి. కాలిఫోర్నియాలో 2020 జనవరి 1 నుంచి, బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ 29 నుంచి అమల్లోకి వచ్చిన నిబంధనలు ఇంటర్నెట్‌కు కలిసే పరికరాలలో అందరికీ ఒకటే ఊహించదగ్గ పాస్‌వర్డ్ ఉండటాన్ని నిషేధిస్తున్నాయి.

కన్సోల్ దగ్గరికి చేరగలిగిన మనిషికి స్విచ్ దాదాపు సొంతమైనట్టే. చాలా క్యాటలిస్ట్ మోడళ్లలో ముందు భాగంలోని మోడ్ బటన్ నొక్కి పట్టి కరెంటు ఇస్తే పాత కాన్ఫిగరేషన్‌ను పక్కనపెట్టి లోపలికి వెళ్లొచ్చు. పాస్‌వర్డ్ మరిచిన యజమానికి అది వరం, దొంగకు కూడా వరమే. అందుకే ర్యాక్ తాళం చెవి ఎవరి దగ్గరుందన్నది కూడా ఈ ఏర్పాటులో భాగంగానే లెక్కపెట్టాలి. మెట్ల కింద, తలుపు లేని గూట్లో స్విచ్ బిగించి ఎస్ఎస్‌హెచ్ గురించి ఎంత మాట్లాడినా ప్రయోజనం లేదు.

చిరునామా, వీలాన్

లేయర్-2 స్విచ్‌లో ఐపీ చిరునామా ఏ పోర్టుకూ ఇవ్వరు. వీలాన్‌కు, అంటే స్విచ్‌లో విడదీసి పెట్టుకున్న ఒక ఊహాత్మక నెట్‌వర్క్ విభాగానికి, ప్రతిగా స్విచ్ లోపల ఉండే ఊహాత్మక ఇంటర్‌ఫేస్‌కు ఇస్తారు. ఉదాహరణకు 99వ వీలాన్‌ను నిర్వహణకు ఎంచుకున్నామనుకుందాం. ‘ఇంటర్‌ఫేస్ వీలాన్ 99’ అని లోపలికి వెళ్లి, 192.168.99.11 చిరునామా, 255.255.255.0 మాస్కు ఇచ్చి, ‘నో షట్‌డౌన్’ కొట్టాలి. తరవాత ‘ఐపీ డిఫాల్ట్-గేట్‌వే’ కమాండ్‌తో 192.168.99.1 చూపించాలి. గేట్‌వే ఇవ్వడం మరిస్తే విచిత్రమైన లక్షణం కనిపిస్తుంది: అదే వీలాన్‌లో కూర్చున్నవాడికి స్విచ్ పలుకుతుంది, పక్క బిల్డింగులో ఉన్నవాడికి పలకదు. ప్యాకెట్ స్విచ్ దాకా చేరుతుంది, జవాబుకే తిరుగుదారి తెలియదు.

ఇక్కడ రెండు చిక్కులున్నాయి. మొదటిది, 99వ వీలాన్‌ను ముందుగా సృష్టించకపోయినా, ఆ వీలాన్‌కు చెందిన పోర్టు ఒక్కటైనా ప్రాణంతో లేకపోయినా ఆ ఇంటర్‌ఫేస్ లేవదు. చిరునామా సరిగ్గా ఉంటుంది, ‘నో షట్‌డౌన్’ కొట్టి ఉంటుంది, అయినా లైన్ ప్రోటోకాల్ ‘డౌన్’ అనే చూపిస్తుంది. రెండోది, రౌటింగ్ కూడా చేయగల లేయర్-3 స్విచ్‌లో ‘ఐపీ రౌటింగ్’ తెరిచిన క్షణం నుంచి ‘డిఫాల్ట్-గేట్‌వే’ మాట చెల్లదు. అప్పుడు డిఫాల్ట్ రూట్ విడిగా రాయాలి. రౌటింగ్ తెరిచి దూరం నుంచి తెగిపోయినవారికి ఈ పాఠం బాగా గుర్తుంటుంది.

వీలాన్ 1ను నిర్వహణకు వాడొద్దని ప్రతి మార్గదర్శకమూ చెబుతుంది. ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పుడు పోర్టులన్నీ వీలాన్ 1లోనే ఉంటాయి. ఎవరైనా ఖాళీ పోర్టులో కేబుల్ దూర్చితే నేరుగా నిర్వహణ చిరునామా పక్కనే వచ్చి కూర్చుంటారన్నమాట. వీలాన్లను గుర్తించే 802.1క్యూ ప్రమాణంలో సంఖ్యకు 12 బిట్లున్నాయి. మొదటిదీ చివరిదీ పోగా 4094 సంఖ్యలు మిగులుతాయి. అన్నిటిలోకీ అందరికీ తెలిసిన ఆ ఒక్కదాన్నే పట్టుకు వేలాడటానికి బద్ధకం తప్ప కారణం లేదు. సిస్కో స్విచ్‌లు తమలో తాము మాట్లాడుకునే సీడీపీ వంటి ప్రోటోకాల్‌లు వీలాన్ 1 మీదే నడుస్తాయి కాబట్టి దాన్ని పూర్తిగా తీసేయడం కుదరదు. ఖాళీగా వదిలేయడం కుదురుతుంది.

పరికరాలకు చిరునామాలను తనంతట తానే పంచే డీహెచ్‌సీపీ ద్వారా స్విచ్‌కు చిరునామా ఇవ్వొచ్చా అన్నదానిపై ఇంజినీర్లలో భిన్నాభిప్రాయాలున్నాయి. వందల స్విచ్‌లున్నచోట మ్యాక్ చిరునామా చూసి ఎప్పుడూ అదే ఐపీ ఇచ్చేలా రిజర్వ్ చేయడం సుఖం. అయితే డీహెచ్‌సీపీ సర్వర్‌కు చేరే దారి ఆ స్విచ్‌ల మీదుగానే పోతున్నప్పుడు, కరెంటు పోయి వచ్చిన ఉదయం సంగతి కూడా ఆలోచించాలి. మూల స్విచ్‌లకు స్థిర చిరునామా, అంచు స్విచ్‌లకు రిజర్వేషన్ అన్నది మధ్యేమార్గం.

లాగిన్

దూరం నుంచి కమాండ్లు కొట్టడానికి మొదట వచ్చింది టెల్‌నెట్. దాని ప్రమాణపత్రం ఆర్ఎఫ్‌సీ 854 తేదీ 1983. 23వ పోర్టు మీద నడిచే ఈ ప్రోటోకాల్‌లో పాస్‌వర్డ్‌తో సహా ప్రతి అక్షరమూ ఉన్నదున్నట్టు పారుతుంది. 1995లో హెల్సింకీ సాంకేతిక విశ్వవిద్యాలయంలో పాస్‌వర్డులను దొంగతనంగా విన్న ఘటన జరిగింది. అక్కడి టాటూ యులోనెన్ దానికి విరుగుడుగా రాసిందే ఎస్ఎస్‌హెచ్. అది 22వ పోర్టు తీసుకుంది.

క్యాటలిస్ట్‌లో ఎస్ఎస్‌హెచ్ తెరవడానికి క్రమం ఒకటుంది, ఆ క్రమానికి కారణమూ ఉంది. ముందు హోస్ట్‌నేమ్ ఇవ్వాలి, తరవాత డొమైన్ పేరు ఇవ్వాలి. ఎందుకంటే ఆ రెండూ కలిపిన పేరుతోనే ఆర్ఎస్ఏ తాళంచెవుల జత తయారవుతుంది. హోస్ట్‌నేమ్ ఫ్యాక్టరీ పేరుగానే వదిలేస్తే స్విచ్ ఒప్పుకోదు. తాళంచెవి పొడవు 2048 బిట్లు కనీసంగా పెట్టుకోవాలి. 768 కన్నా తక్కువైతే ఎస్ఎస్‌హెచ్ రెండో వెర్షన్ అసలు లేవదు. పాత పెట్టెలు అడగకుండానే 512 సూచించేవి, ఎంటర్ కొట్టుకుంటూ పోయినవారు అక్కడ బోల్తాపడేవారు. పాత మోడళ్లలో ఫర్మ్‌వేర్ ఫైలు పేరులో ‘కే9’ లేకపోతే సంకేతలిపి సదుపాయమే ఉండదు. అమెరికా ఎగుమతి నిబంధనల వల్ల ఆ సదుపాయం ఉన్న ఫైలును, లేని ఫైలును వేరుగా ఉంచారు.

తరవాత వాడుకరి పేరు, రహస్య పాస్‌వర్డ్ పెట్టి, దూరం నుంచి వచ్చే లాగిన్లను తీసుకునే వీటీవై లైన్లలో ‘లాగిన్ లోకల్’, ‘ట్రాన్స్‌పోర్ట్ ఇన్‌పుట్ ఎస్ఎస్‌హెచ్’ రాయాలి. రెండో మాటతో టెల్‌నెట్ మూసుకుపోతుంది. వీటీవై లైన్లు చాలా మోడళ్లలో 0 నుంచి 15 వరకు పదహారు. పాత పుస్తకాల్లో 0 నుంచి 4 వరకే రాసి ఉండటంతో చాలామంది ఆ అయిదింటికే కాపలా పెడతారు. మొదటి అయిదు సెషన్లు నిండాక ఆరో మనిషి కాపలా లేని లైన్‌లోకి వస్తాడు. తనిఖీలకు వెళ్లినవారు కాన్ఫిగరేషన్‌లో మొదట వెతకాల్సిన చోట్లలో ఇదొకటి. ఏ చిరునామాల నుంచి లాగిన్ రావచ్చో చెప్పే యాక్సెస్ లిస్టును కూడా ఉన్న లైన్లన్నిటికీ తగిలించాలి.

‘ఎనేబుల్ సీక్రెట్’ అనే పాస్‌వర్డ్ పెట్టకపోతే దూరం నుంచి వచ్చినవారు మార్పులు చేయగల లోపలి గది దాకా రాలేరు. పాస్‌వర్డ్ లేదని చెప్పి స్విచ్ ఆపేస్తుంది. కన్సోల్ నుంచి మాత్రం రానిస్తుంది. పాస్‌వర్డును ఏ రూపంలో దాచుకుంటుందన్నది కూడా చూసుకోవాలి. సిస్కో టైప్ 7 అనే రూపం చూడటానికి గజిబిజి అంకెల్లా ఉన్నా, తిరిగి అసలు మాటగా మార్చడం క్షణాల పని. భుజం మీదుగా తొంగి చూసేవాడి నుంచి దాచడానికి తప్ప దేనికీ పనికిరాదు. టైప్ 5 ఎండీ5 హ్యాష్. టైప్ 8, టైప్ 9 గట్టివి. అమెరికా జాతీయ భద్రతా సంస్థ ఎన్ఎస్ఏ 2022 ఫిబ్రవరిలో విడుదల చేసిన సూచనల్లో టైప్ 8 వాడమని చెప్పింది.

పాత స్విచ్‌లతో మరో తంటా ఎదురవుతుంది. ఓపెన్ఎస్ఎస్‌హెచ్ 2021లో వచ్చిన 8.8 వెర్షన్ నుంచి షా-1 ఆధారిత ఆర్ఎస్ఏ సంతకాలను ఒప్పుకోవడం మానేసింది. కొత్త ల్యాప్‌టాప్ నుంచి పదేళ్ల నాటి స్విచ్‌కు ప్రయత్నిస్తే సంకేతలిపి పద్ధతి కుదరలేదని తెగిపోతుంది. అప్పుడు చేయవలసింది ఫర్మ్‌వేర్ మార్చడం. అది దొరకని పెట్టెకు మాత్రం ల్యాప్‌టాప్‌లో ఆ ఒక్క చిరునామాకే మినహాయింపు రాసుకోవాలి. టెల్‌నెట్ తిరిగి తెరవడం అన్నిటికన్నా సులభం, అన్నిటికన్నా చెడ్డ పని.

స్విచ్‌లు పదుల్లోకి పెరిగాక ఒక్కోదానిలో ఒక్కో పాస్‌వర్డ్ పెట్టుకోవడం జరిగే పని కాదు. ఉద్యోగి మానేసిన రోజున అన్నిటిలోనూ మార్చాలి. కాబట్టి లాగిన్ నిర్ణయాన్ని ఒక కేంద్ర సర్వర్‌కు అప్పగిస్తారు. ఇందుకు వాడే ప్రోటోకాల్‌లు రెండు. ర్యాడియస్ ప్రమాణం 2000 నాటి ఆర్ఎఫ్‌సీ 2865. యూడీపీ 1812, 1813 పోర్టులు వాడుతుంది, ప్యాకెట్‌లో పాస్‌వర్డును మాత్రమే మరుగుపరుస్తుంది. సిస్కో నుంచి వచ్చిన ట్యాకాక్స్ ప్లస్ టీసీపీ 49 మీద నడుస్తుంది, ప్యాకెట్ లోపలి భాగమంతా మరుగుపరుస్తుంది. ఎవరు ఏ కమాండ్ కొట్టవచ్చో ఒక్కొక్కటిగా నిర్ణయించగలదు, రాసి పెట్టగలదు. సర్వర్ అందకపోతే స్విచ్‌లో ఉన్న స్థానిక వాడుకరితో లోపలికి రావచ్చని చివర ‘లోకల్’ జోడిస్తారు. సర్వర్ ‘కాదు’ అని జవాబిస్తే మాత్రం స్థానిక పాస్‌వర్డ్ పనిచేయదు. మౌనానికీ తిరస్కారానికీ ఉన్న ఈ తేడా తెలియక, సర్వర్ బాగానే ఉన్న సమయంలో స్థానిక పాస్‌వర్డ్ చెల్లలేదని కంగారుపడటం మామూలే.

ఎస్ఎన్ఎంపీ

మనిషి లాగినై చూడటం అప్పుడప్పుడూ జరిగే పని. అయిదు నిమిషాలకొకసారి ప్రతి పోర్టు లెక్కలూ అడిగేది యంత్రం. ఆ భాష ఎస్ఎన్ఎంపీ. జెఫ్రీ కేస్, మార్క్ ఫెడర్, మార్టిన్ షాఫ్‌స్టాల్, జేమ్స్ డేవిన్ రాసిన తొలి ప్రమాణం 1988లో వచ్చింది. స్విచ్‌లో ఒక ఏజెంటు యూడీపీ 161 మీద ప్రశ్నల కోసం కాచుకుని ఉంటుంది. ఏదైనా తెగినప్పుడు తానే 162వ పోర్టుకు ట్రాప్ పంపుతుంది. స్విచ్ గురించిన ప్రతి సంగతికీ చుక్కలతో విడదీసిన అంకెల వరస ఒకటి పేరుగా ఉంటుంది. ఆ పేర్ల జాబితాలను మిబ్ అంటారు.

మొదటి వెర్షన్‌లోనూ, 1996 నాటి 2సి వెర్షన్‌లోనూ భద్రత అంటే కమ్యూనిటీ అనే ఒక్క మాట. అది తీగ మీద బహిరంగంగా పారుతుంది. చదవడానికి ‘పబ్లిక్’, రాయడానికి ‘ప్రైవేట్’ అన్న ఫ్యాక్టరీ మాటలు ప్రపంచమంతా తెలిసినవే. చదివే అనుమతే కదా అని తేలిగ్గా తీసుకోకూడదు. నెట్‌వర్క్ నిర్మాణమంతా దాంట్లో కనిపిస్తుంది. రాసే అనుమతి దొరికితే సిస్కో పెట్టెలలో మొత్తం కాన్ఫిగరేషన్‌ను బయటి సర్వర్‌కు కాపీ చేయమని ఆదేశించవచ్చు. 2002లో ఫిన్లాండ్‌లోని ఔలు విశ్వవిద్యాలయ పరిశోధకులు చెడిపోయిన ప్యాకెట్లు పంపి ఎస్ఎన్ఎంపీ అమలులను పరీక్షించారు. ఎన్నో కంపెనీల పరికరాలు కూలబడ్డాయి. పాస్‌వర్డ్ తెలియనక్కర్లేదు, ప్యాకెట్ చేరితే చాలని తేలింది. ఎవరి నుంచి ప్రశ్నలు రావచ్చో యాక్సెస్ లిస్టుతో బిగించడానికి అంతకన్నా బలమైన కారణం అక్కర్లేదు.

2002 చివర్లో పూర్తి ప్రమాణంగా ఖరారైన మూడో వెర్షన్‌లో వాడుకరులు, గుర్తింపు, సంకేతలిపి వచ్చాయి. మూడు మెట్లున్నాయి: ఏదీ లేనిది, గుర్తింపు మాత్రమే ఉన్నది, గుర్తింపూ గోప్యతా రెండూ ఉన్నది. మూడోదే వాడాలి. దీనిలోని ఒక విశేషం చాలామందిని ముప్పుతిప్పలు పెడుతుంది. వాడుకరి పాస్‌వర్డ్ నుంచి తయారయ్యే తాళంచెవిలో స్విచ్ సొంత ఇంజిన్ ఐడీ కలుస్తుంది. ఆ ఐడీ మామూలుగా మ్యాక్ చిరునామా నుంచి వస్తుంది. పైగా సిస్కోలో ఈ వాడుకరుల వరసలు కాన్ఫిగరేషన్ జాబితాలో కనిపించవు. చెడిపోయిన స్విచ్ స్థానంలో కొత్తది పెట్టి పాత కాన్ఫిగరేషన్ యథాతథంగా ఎక్కిస్తే అన్నీ పనిచేస్తాయి, పర్యవేక్షణ మాత్రం చీకట్లో ఉంటుంది. వాడుకరులను మళ్లీ సృష్టించాలి.

మొదటి వెర్షన్‌ను వదిలేయడానికి భద్రత కాకుండా లెక్కల కారణం కూడా ఉంది. దాని కౌంటర్లు 32 బిట్లవి. గిగాబిట్ పోర్టు నిండుగా పారుతుంటే బైట్ల కౌంటర్ దాదాపు 34 సెకన్లలో నిండి సున్నాకు తిరుగుతుంది. అయిదు నిమిషాలకొకసారి అడిగేవాడికి అది ఎన్నిసార్లు తిరిగిందో తెలియదు, గ్రాఫు నిస్సంకోచంగా అబద్ధం చెబుతుంది. 64 బిట్ల కౌంటర్లు 2సి నుంచే అందుతాయి. టోబియాస్ ఓటికర్ 1995లో రాసిన ఎంఆర్‌టీజీ నుంచి నేటి జాబిక్స్, లిబ్రెఎన్ఎంఎస్ దాకా గ్రాఫులు గీసే పరికరాలన్నిటికీ ఈ కౌంటర్లే ఆధారం.

గడియారం, లాగ్

సరైన సమయం చెప్పే ఎన్‌టీపీ సర్వర్ చూపించని పాత క్యాటలిస్ట్ కరెంటు వచ్చినప్పుడల్లా 1993 మార్చి 1వ తేదీ నుంచి కాలం లెక్కపెట్టడం మొదలెడుతుంది. అలాంటి తేదీలున్న లాగ్‌తో ఏ సంఘటననూ నిరూపించలేం. లాగ్‌లను స్విచ్ జ్ఞాపకంలోనే ఉంచితే రీబూట్‌తో పోతాయి కాబట్టి సిస్‌లాగ్ ద్వారా వేరే సర్వర్‌కు పంపాలి. తీవ్రత 0 నుంచి 7 వరకు ఉంటుంది, 0 అన్నిటికన్నా ఘోరం. భారతదేశంలో ఇది ఇష్టాయిష్టాల సంగతిగా మిగల్లేదు. ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం సంస్థలు తమ గడియారాలను జాతీయ ఇన్ఫర్మాటిక్స్ కేంద్రం (ఎన్ఐసీ) లేదా జాతీయ భౌతిక ప్రయోగశాల ఎన్‌టీపీ సర్వర్లతోనో, వాటికి అనుసంధానమైన వాటితోనో సరిచూసుకోవాలి. లాగ్‌లను 180 రోజులు దాచాలి. సైబర్ ఘటనలను ఆరు గంటల్లోపు తెలియజేయాలి.

తెగిపోయిన దారి

పై ఏర్పాట్లన్నీ పరాయివాడి కోసం. ఇప్పుడు ఇంటివాడి సంగతి. స్విచ్‌లో మార్పులు చేసేది దాని మీదుగా వచ్చిన కనెక్షన్‌లోనే అయినప్పుడు, కూర్చున్న కొమ్మను నరుక్కునే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. ప్రసిద్ధమైన ఉదాహరణ పలు వీలాన్లను ఒకే తీగ మీద మోసే ట్రంక్ పోర్టుది. ఇప్పటికే కొన్ని వీలాన్లు పారుతున్న ట్రంక్‌కు 30వ వీలాన్ కలపాలనుకుని ‘స్విచ్‌పోర్ట్ ట్రంక్ అలౌడ్ వీలాన్ 30’ అని కొడితే, పాత జాబితా మొత్తం చెరిగిపోయి 30 ఒక్కటే మిగులుతుంది. 30కి ముందు ‘యాడ్’ అన్న మాట ఉండాలి. ఇంగ్లిషులో మూడక్షరాల ఆ మాట మరవడం వల్ల నిర్వహణ వీలాన్‌తో సహా బిల్డింగ్ మొత్తం తెగిపోయిన సందర్భాలు ఈ వృత్తిలో కథలుగా చెప్పుకుంటారు.

దీనికి విరుగుడు ముందే పెట్టుకోవచ్చు. మార్పుకు ముందు ‘రీలోడ్ ఇన్ 10’ కొడితే పది నిమిషాల తరవాత స్విచ్ తనంతట తాను రీబూటై, సేవ్ చేసిన పాత కాన్ఫిగరేషన్‌తో లేస్తుంది. మార్పు బాగుంటే ‘రీలోడ్ క్యాన్సెల్’ చెప్పి అప్పుడు సేవ్ చేయాలి. సేవ్ ముందే చేస్తే ఈ ఉపాయానికి అర్థం లేదు. జూనిపర్ స్విచ్‌లలో ‘కమిట్ కన్ఫర్మ్‌డ్’ ఇదే పనిని రీబూట్ లేకుండా, మరింత మర్యాదగా చేస్తుంది. గడువు చెప్పకపోతే పది నిమిషాలు. ఆలోగా నిర్ధారించకపోతే పాత స్థితికి వెనక్కి వెళుతుంది. ఈ ఒక్క విషయంలో జూనిపర్ రూపకల్పన మేలైనదని సిస్కో వాడేవారు కూడా ఒప్పుకుంటారు.

పెద్ద నెట్‌వర్క్‌లలో ఇది చాలదు. నిర్వహణకు వేరే తీగలు, వేరే చిన్న స్విచ్‌లు, వేరే ఇంటర్నెట్ కనెక్షన్ పెడతారు. దీన్ని అవుట్-ఆఫ్-బ్యాండ్ నిర్వహణ అంటారు. క్యాటలిస్ట్ 9000 వంటి స్విచ్‌ల వెనక ఇందుకే ప్రత్యేక ఈథర్‌నెట్ పోర్టు ఉంటుంది. దాని రౌటింగ్ పట్టిక కూడా వేరు. పింగ్ చేసేటప్పుడు ఆ పట్టిక పేరు చెప్పకపోతే స్విచ్ మామూలు దారిలో వెతికి చేతులెత్తేస్తుంది. ర్యాక్‌లోని కన్సోల్ పోర్టులన్నిటినీ ఒక కన్సోల్ సర్వర్‌కు కలిపి, దానికి మొబైల్ నెట్‌వర్క్ మోడెం తగిలించడం ఇంకో రక్షణ.

వేరే దారి నిజంగా వేరేదేనా అన్నది రెండు పెద్ద అంతరాయాలు అడిగిన ప్రశ్న. 2021 అక్టోబర్ 4న ఫేస్‌బుక్ నెట్‌వర్క్ ఇంటర్నెట్ నుంచి మాయమై సుమారు ఆరు గంటలు తిరిగి రాలేదు. అవుట్-ఆఫ్-బ్యాండ్ నెట్‌వర్క్ కూడా అందకపోవడంతో ఇంజినీర్లను డేటా సెంటర్లకు పంపవలసి వచ్చిందని, అక్కడి కట్టుదిట్టమైన భద్రత దాటి పరికరాల దాకా చేరడానికి సమయం పట్టిందని సంస్థే వెల్లడించింది. 2022 జులై 8న కెనడాలో రోజర్స్ సంస్థ కూలినప్పుడు 1.2 కోట్ల మందికి పైగా సేవలు కోల్పోయారు. నిర్వహణ నెట్‌వర్క్ కూడా ఆ కూలిన మూల నెట్‌వర్క్ మీదే ఆధారపడి ఉందని తరవాతి విచారణ నివేదిక తేల్చింది. కాగితం మీద రెండు గీతలుగా ఉన్నవి నేలలో ఒకే తీగ అయినప్పుడు తెలిసేది ఆ ఒక్క రోజునే.

దాడులు

నిర్వహణ సదుపాయాల్లో అతి సౌకర్యమైనవే తరచు దెబ్బతీశాయి. కొత్త స్విచ్ తనంతట తాను కాన్ఫిగరేషన్ తెచ్చుకునేలా సిస్కో తెచ్చిన స్మార్ట్ ఇన్‌స్టాల్ టీసీపీ 4786 మీద ఏ గుర్తింపూ అడగకుండా ఆదేశాలు తీసుకునేది. 2018 ఏప్రిల్‌లో దాన్ని వాడుకుని దుండగులు ఇరాన్, రష్యాలలో స్విచ్‌లను నిరుపయోగం చేసి తెర మీద అమెరికా జెండా బొమ్మ, ఎన్నికల జోలికి రావద్దన్న హెచ్చరిక వదిలారు. ‘నో వీస్టాక్’ అన్న ఒక్క కమాండ్ దాన్ని ఆపేది. అంతకు ఏడాది ముందు, 2017 మార్చిలో, వికీలీక్స్ బయటపెట్టిన సీఐఏ పత్రాలను పరిశీలించిన సిస్కో తన 300కు పైగా స్విచ్ మోడళ్లలో టెల్‌నెట్ ద్వారా చొరబడే లోపం ఉందని ప్రకటించింది. ఎస్ఎస్‌హెచ్ మాత్రమే వాడుతున్నవారికి ఆ భయం లేకపోయింది. 2023 అక్టోబర్‌లో వంతు వెబ్ పేజీది. సిస్కో ఆపరేటింగ్ సిస్టం ఐఓఎస్ ఎక్స్ఈ వెబ్ పేజీ ఇంటర్నెట్‌కు తెరిచి ఉన్న వేలాది పరికరాలలో దాడిదారులు పాస్‌వర్డ్ అవసరం లేకుండానే పూర్తి అధికారాలున్న ఖాతాలు సృష్టించుకున్నారు.

ఈ మూడింటిలోనూ తెరిచి ఉన్న సేవను యజమాని వాడుతున్నాడా లేదా అన్నది ఎవరికీ పట్టలేదు. వెబ్ పేజీ వాడని చోట దాన్ని మూసేయాలి. వాడే చోట హెచ్‌టీటీపీఎస్ మాత్రమే ఉంచి, నిర్వహణ వీలాన్ దాటనివ్వకూడదు.

ప్రోగ్రాముల కాలం

ఎస్ఎన్ఎంపీని చదవడానికే తప్ప మార్చడానికి ఆపరేటర్లు వాడటం లేదని 2002లో ఇంటర్నెట్ ఆర్కిటెక్చర్ బోర్డు జరిపిన సమావేశంలో తేలింది. దాని ఫలితంగా 2006లో నెట్‌కాన్ఫ్ వచ్చింది. ఇది ఎస్ఎస్‌హెచ్ మీద 830వ పోర్టులో నడుస్తుంది, యాంగ్ అనే భాషలో వర్ణించిన నమూనాల ప్రకారం కాన్ఫిగరేషన్‌ను మార్చుకుంటుంది. మార్పు మొత్తం నెగ్గాలి లేదా మొత్తం వెనక్కి పోవాలి అన్న సూత్రాన్ని పాటించగలదు. యాన్సిబుల్ వంటి పరికరాలతో వందల స్విచ్‌లకు ఒకేసారి ఆదేశాలివ్వొచ్చు. ‘యాడ్’ మరిచిన తప్పు కూడా అంతే వేగంగా వందలకు చేరుతుంది.

సిస్కో 2012లో కొన్న మెరాకీ వంటి పద్ధతుల్లో స్విచ్ తానే బయటి క్లౌడ్‌కు కనెక్షన్ తెరుచుకుంటుంది. లోపలికి రావడానికి ఏ పోర్టూ తెరవనక్కర్లేదు. పలు ఊళ్లలో చిన్న శాఖలున్న సంస్థకు ఇది నిజంగా సుఖం. అయితే చందా గడువు ముగిసిందంటే నిర్వహణ దారి తాళం ఇంకొకరి చేతిలో ఉన్నట్టే.

వాడకం ముగిసిన స్విచ్

2023లో ఈసెట్ అనే భద్రతా సంస్థ వాడి అమ్మేసిన కార్పొరేట్ రౌటర్లు కొని చూస్తే సగానికి పైగా వాటిలో పాత యజమాని కాన్ఫిగరేషన్ చెరపకుండా ఉంది. స్విచ్‌ల విషయంలోనూ ఇదే అజాగ్రత్త చూడొచ్చు. క్యాటలిస్ట్‌ను పాత సామాన్ల వ్యాపారికి ఇచ్చేముందు ‘రైట్ ఎరేజ్’ కొట్టి ఊరుకుంటే సరిపోదు. వీలాన్ల పేర్లు, సంఖ్యలు చాలావరకు కాన్ఫిగరేషన్‌లో కాకుండా ఫ్లాష్‌లోని ‘వీలాన్.డ్యాట్’ అనే ఫైలులో ఉంటాయి. దాన్ని విడిగా తొలగించి, రీబూట్ చేసి, కన్సోల్‌లో కొత్త పెట్టె అడిగే తొలి కాన్ఫిగరేషన్ ప్రశ్న కనిపించేదాకా చూడాలి. ఆ తరవాత ర్యాడియస్ సర్వర్ నుంచి, పర్యవేక్షణ జాబితా నుంచి, డీహెచ్‌సీపీ రిజర్వేషన్ల నుంచి దాని పేరు కొట్టేయాలి.